ఇల్లైన బడి: భిలాయి నేపథ్యమున ఒక వారసత్వ విచారము

వారసత్వ కట్టడమనగానే తెలుగు పాఠకుని మనస్సునకు తోచునవి గుడి, కోట, రాజుల కొలువుకూటము. వాని వెనుక కవుల యిండ్లు, సంస్కర్తల యిండ్లు. ఆ వరుసలో బడికి దొరకిన చోటు చాల చిన్నది. ఇక ఆ బడి మూతపడి, ఎవరో ఒక గృహస్థుడు దానిని తీసికొని, తరగతి గదిలో వంటయిల్లు, పడకగది ఏర్పరచుకొనినచో దానికి వారసత్వపు విలువ కలదని వాదించువారు అరుదు. 'ఇప్పుడది ఇల్లు గదా!' యను ఒక్క మాటతో విచారణ ముగియుచున్నది. ఈ మాట ఎంతవరకు నిలుచునో పరీక్షింపదగినవారు వాస్తుశాస్త్రజ్ఞులకంటె ముందు భాషావేత్తలు. ఏలయనగా చిన్న ఊరి బడిలో వాస్తుశిల్పము తక్కువ, భాషాచరిత్ర ఎక్కువ. దాని గోడల విలువ ఆ గోడలమీద వ్రాసిన వ్రాతలో, ఆ గోడల నడుమ పలికిన పలుకులో, ఆ బడి పట్టికలలో దాగిన పేర్లలో కలదు.

తెలుగుదేశమున బడికి ప్రత్యేకమైన కట్టడము కావలెనను భావము మిక్కిలి ప్రాచీనమైనది కాదు. వీధిబడి యనగా సామాన్యముగా ఒక గృహస్థుని వీధియరుగు. అయ్యవారికి సొంతయిల్లున్నచో తన యరుగుమీదను, లేనిచో ఊరిలో కలిగినవాని యరుగుమీదను, అదియు దొరకనిచోట చావడిలోనో గుడి మండపమునందో పిల్లలను కూర్చుండబెట్టి, ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్దించెడివాడు. అదే అరుగు బడి విడిచిన వెనుక ఇంటివారు ధాన్యమెండబోసికొను చోటు. సాయంకాలము పురాణశ్రవణమునకు, రాత్రి బాటసారి పడకకు అదియే ఆధారము. అల్లరి పిల్లవానికి కోదండము వేసిన దూలమునకే చంటిబిడ్డ ఉయ్యాల కట్టుటలో ఆనాటివారికి వింత యేమియు లేదు. బడి ఇంటిలో పుట్టినది, ఇంటిలోనే అణగినది. అయ్యవారు గతించిననాడు అరుగు మరల అరుగుగా మిగిలినది.

ఇట్లు ఇండ్లలో కలిసిపోయిన బళ్ళు కొద్దిపాటివి కావు. మదరాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో రాజధాని యంతటను దేశీయ విద్యాస్థితిని విచారింప నాజ్ఞాపించెను. 1826 నాటికి సమకూడిన లెక్కలలో 12,498 బళ్ళు, 1,88,650 విద్యార్థులు తేలిరి. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక ఈ విచారణలోనెల్ల మిక్కిలి చదువదగినది. ఆ జిల్లాలో 533 బళ్ళు, 6,641 విద్యార్థులు. బళ్ళలో కన్నడమువి 235, తెలుగువి 226. క్యాంబెల్ తెలుగు వ్యాకరణము (1816), నిఘంటువు (1821) ప్రకటించినవాడు గనుక ఆయన చూపు కేవలము కలెక్టరు చూపు కాదు. పిల్లలు పద్యములు కంఠస్థము చేయుచున్నారు గాని ఆ పద్యభాషకును వారి వాడుకభాషకును దూరమధికమగుటచే అర్థ మెరుగకయే చదువుచున్నారని ఆయన కనిపెట్టెను. ఎనుబదియేండ్లకు పిమ్మట, 1906 ప్రాంతమున, పాఠశాలల తనిఖీ అధికారి జె. ఎ. యేట్సు పిల్లల నోటి తెలుగునకు పుస్తకపు తెలుగునకు ఇంత భేద మేలయని యడుగుటయు, గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను చేపట్టుటయు సుప్రసిద్ధము. వ్యావహారిక భాషోద్యమము సభావేదికకు ఎక్కుటకు ముందు బడిగదిలో పుట్టినది. ఐనను బళ్ళారి జిల్లా 226 తెలుగు బళ్ళలో ఒక్కదాని చోటు చూపుమనిన చూపుట ఎవరికిని సులభము కాదు. అవి ఇండ్లుగానే ఉండెను, ఇండ్లుగానే పోయెను, లెక్కలు మాత్రము మిగిలినవి.

1854 నాటి వుడ్ విద్యాపత్రము తరువాత సహాయధనపు పద్ధతి వచ్చినది. ధనము కావలెనన్న తనిఖీ కావలెను. తనిఖీకి హాజరు పట్టిక, నల్లబల్ల, గాలివెలుతురులు గల గది కావలెను. ఇట్లు బడి ఇంటినుండి వేరుపడెను. బడియనగా పొడవైన వరండా, ఎత్తైన కిటికీలు, ముంగిట గంట యను రూపు ఈ మార్పువలన స్థిరపడినది. కాబట్టి 'ఇల్లయినది గనుక ఇక బడి కాదు' అను తీర్పు ఆ తనిఖీ అధికారి కన్నుతో చూచి ఇచ్చిన తీర్పు. తెలుగు సంప్రదాయము ననుసరించి చూచినచో, బడి ఇల్లగుట పుట్టింటికి చేరుట వంటిది. విలువ పోవుట ఆ చేరికవలన కాదు. ఆ చేరికవేళ ఎవరును ఏమియు వ్రాసికొనకపోవుటవలన పోవుచున్నది.

ఈ విచారమునకు భిలాయి ఉక్కుపట్టణమును నేపథ్యముగా గ్రహించుటకు కారణము కలదు. సోవియట్ యూనియనుతో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒడంబడికతో భిలాయి కర్మాగారమునకు పునాది పడినది. మొదటి ఊదుకొలిమిని 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు ప్రారంభించెను. ఈ రెండు తేదీల నడుమనే, 1956 నవంబరు 1న, ఒక్క దినముననే ఆంధ్రప్రదేశము, నూతన మధ్యప్రదేశము అవతరించెను. భాషల ప్రాతిపదికపై హద్దులు గీయుచున్న ఆ యేడే, ఆ హద్దుల కతీతముగా అన్ని భాషలవారిని ఒక్కచోట చేర్చు పట్టణము దుర్గ్ జిల్లా పొలములలో లేచుచుండెను. 2000 నవంబరు 1నుండి ఆ నేల ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు చెందినది. ఊరి వారిది ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ, యంత్రములవద్ద రష్యను నిపుణుల మాట, వీధులలో తెలుగు, బెంగాలీ, మలయాళము, పంజాబీ, ఒడియా. తెలుగువారికి ఈ దారి కొత్త కాదు. రాయపూరు–విజయనగరము రైలుమార్గము 1931 నాటికే పూర్తియై విశాఖ తీరమును ఛత్తీస్‌గఢ్ మైదానముతో కలిపి యుండెను. ఉత్తరాంధ్రమునుండి వచ్చినవారు సెక్టార్ల క్వార్టర్లలోనేగాక క్యాంపు, ఖుర్సీపార్ వంటి వాడలలోను స్థిరపడిరి.

కర్మాగారపు సంస్థ తన ఉద్యోగుల పిల్లలకై సెక్టారు సెక్టారునను బళ్ళు నెలకొల్పినది. ఉద్యోగుల సంఖ్య తగ్గుకొలది పిల్లలు తగ్గిరి; పెక్కు బళ్ళు మూతపడినవి, కొన్ని ఒకదానితో నొకటి కలిసినవి, కొన్ని కట్టడములు అన్యుల చేతికి పోయినవి. సెక్టార్లలో నేల సంస్థది గనుక అచ్చట బడి సొంతయిల్లగుట సామాన్యముగా జరుగదు. క్వార్టర్లలో కాపురమున్న వారికే అవి దీర్ఘకాలపు కౌలుకు దక్కినవిగాని సొంతము కాలేదు. ఐతే టౌన్‌షిప్ వెలుపలి వాడల సంగతి వేరు. చిన్న ప్రైవేటు బడి ఒక యింటి ముందుగదిలో మొదలగుట, పిల్లలు చాలక మరల ఆ గది ఇంటివారి కూర్చొను గది యగుట భారతదేశపు పారిశ్రామిక పట్టణములన్నిటను చూడవచ్చును. పరరాష్ట్రపు తెలుగువాడలలో ఆదివారపు తెలుగు చదువు సైతము తరచు ఇట్టి గదులలోనే సాగినది. భిలాయివంటి చోట ఈ రెండు జాతుల బళ్ళను, సంస్థ బడిని ఇంటి బడిని, కలిపి చూడవలెను. మొదటిదానికి కట్టడము కలదు, తెలుగు కొంచెము. రెండవదానికి తెలుగు కలదు, కట్టడము లేదు.

చట్టమును నమ్ముకొని యుండుటకు వీలు లేదు. 1958 నాటి ప్రాచీన కట్టడముల చట్టము నూరేండ్లు నిండనిదానిని ప్రాచీన కట్టడముగా నెంచదు. భిలాయిలో పట్టణముతోపాటు పుట్టిన బడికి ఆ వయస్సు రావలెనన్న ఈ శతాబ్దపు నడిమి దశకములు దాటవలెను. వయస్సు లెక్క ఎంత కఠినమైనదో ఢిల్లీలోని హాల్ ఆఫ్ నేషన్స్ ఉదంతము చాటినది. 1972లో రాజ్ రేవాల్ నిర్మించిన ఆ ప్రదర్శనశాల లోకప్రసిద్ధము. ఐనను అరువదియేండ్లు నిండలేదను కారణముచే వారసత్వ పరిరక్షక సమితి దానిని పరిగణింపలేదు. 2017 ఏప్రిలులో ఒక్క రాత్రిలో అది నేలమట్టమైనది. దీనికి ప్రతిగా చండీగఢ్ కలదు. భిలాయివలెనే 1950ల దశకపు పట్టణమైనను, దాని మొదటి సెక్టార్లలోని నివాసగృహములను అంతస్తులుగా విభజించి అమ్మరాదని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ పట్టణపు వారసత్వ స్వభావమును ఎత్తిచూపుచు తీర్పు చెప్పెను. ఒక ప్రఖ్యాత శిల్పి పేరున్నచో ఇల్లు సైతము వారసత్వమగుచున్నది. పేరు లేనిచో బడికిని దిక్కు లేదు. భిలాయికి లె కార్బూజియే లేడు. ఉన్నది వేలకొలది కూలీల పిల్లలు అక్షరములు దిద్దిన గదులు.

ఆ గదులలో వెదకదగినదేది యన్నచో, మొదట చెప్పవలసినది ప్రవేశపు పట్టిక. ఉత్తరాది బళ్ళలో దానిని దాఖిల్ ఖారిజ్ అందురు: చేరినవాడెవడు, విడిచినవాడెవడు, తండ్రి ఎవరు, ఊరేది, పుట్టినదెన్నడు. ఆంధ్రదేశపు పట్టికలలో మాతృభాషకు ఒక గడి యుండుట పరిపాటి. ఆ గడి లేనిచోట సైతము పేర్లే సాక్ష్యము. తెలుగువాడు ఇంటిపేరు ముందు చెప్పి సొంతపేరు వెనుక చెప్పును. హిందీ పట్టిక చివరి పేరునే కులనామముగా గ్రహించును. రామారావు, వెంకటరావు, అప్పారావు అను ముగ్గురి కొడుకులు అట్టి పట్టికలో 'రావు' అను ఒక్క ఇంటిపేరు కలవారైపోవుదురు. ముగ్గురి అసలు ఇంటిపేర్లు ఒక్క పొడియక్షరముగా కుదింపబడును, లేదా పూర్తిగా మాయమగును. ఉత్తరాదిలో తెలుగువానిని 'రావ్ సాబ్' అని పిలుచుటకు మూలము మర్యాద యనుకొనువారు కలరు. అందులో సగము గుమాస్తా కలము పని.

ఇంతకంటె సూక్ష్మమైన విషయము లిపిలో కలదు. తెలుగున ఎకార ఒకారములకు హ్రస్వదీర్ఘ భేదము కలదు. దేవనాగరి వాడుకలో ఆ భేదమునకు గుర్తు లేదు. కొండయ్య కోండయ్య యగును, చెన్నయ్య చేన్నయ్య యగును. ళకారమునకు బదులు లకారము నిలుచును. పేరు చివరి హ్రస్వాకారమును హిందీ నాలుక పలుకదు గనుక, దానిని నిలుపగోరిన గుమాస్తా దీర్ఘము చేయును, నిలుపనక్కరలేదనుకొనినవాడు తుడిచివేయును. ఒక్కొక్క గుమాస్తా ఒక్కొక్క తోవ తొక్కును. అట్టి పట్టికలు ఇరువది ముప్పది యేండ్లవి వరుసగా దొరకినచో, పరభాషా లిపిలో తెలుగు పేరు ఎట్లు మారి ఏ రూపమున స్థిరపడినదో అంచెలంచెలుగా చూపవచ్చును. తండ్రి పేరు ఒక లిపిచ్ఛాయలో, కొడుకు పేరు వేరొక ఛాయలో నుండుటయు సంభవమే. శాసనములలో తెలుగు పేర్ల రూపభేదములను ఒక్కొక్క అక్షరముగా తర్కించు పండితులకు ఇది అల్పవిషయము కాజాలదు. శాసనమునకు వేయేండ్లు గడచినవి, పట్టికకు అరువది. భేదము అంతే.

జననతేదీల గడి మరియొక చిత్రము. బడి తెరచు కాలమునుబట్టి జులై 1న పుట్టినవారు భారతదేశమున లెక్కకు మించి యుందురు. తల్లి ఏ తిథియో, ఏ గాలివానకు ముందో, ఏ పంటకు వెనుకనో చెప్పిన గుర్తు పంతులుగారి కలమున జులై 1 గా మారినది. పల్లెటి కాలగణన నగరపు కాలగణనగా అనువాదమైన చోటు అది. ఈ పట్టికలు పండితులకే పనికివచ్చునని తలపరాదు. వలసవచ్చిన కుటుంబములకు నివాసము, కులము ఋజువు చేసికొను వేళ పాత బడి దాఖలాయే ఆధారమగుచున్నది. అట్టి కాగితము చెదలపాలైనచో నష్టపడునది గ్రంథాలయము కాదు, ఒక కుటుంబము. ఇల్లుగా మారిన బడిలో మొదట బయటకు పోవునవి బెంచీలు, వాని వెంటనే పట్టికలు. బెంచీలకు కొనువాడు దొరకును; పట్టికలను తూకమునకు వేయుదురు.

ఇక గోడలు. భారతదేశపు బడిగోడ వ్రాతగోడ. గుణింతములు, ఎక్కములు, దేశపటము, దినమునకొక సూక్తి, గుంపుల పేర్లు, తలుపుపై తరగతి సంఖ్య. ఏ భాషలో, ఏ లిపిలో, ఏ వరుసలో అను ప్రశ్నలకు ఆ గోడయే సమాధానము. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని చెప్పు 350-ఎ అధికరణము 1956లో ఏడవ సవరణతో రాజ్యాంగమున చేరినది. బడిలో నలువదిమంది, లేదా తరగతిలో పదిమంది ఒక భాషవారున్నచో ఆ భాషలో బోధింప ఒక ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము అంతకుముందే నిర్ణయించి యుండెను. నలువది, పది యను ఈ సంఖ్యలు కాగితముపై చక్కగా నున్నవి. ఒక్కొక్క పారిశ్రామిక పట్టణమున వాని ప్రకారము ఎన్ని గదులు తెలుగు గదులైనవి, ఎన్ని కాలేదు, ఎన్ని రెండేండ్లు నడచి ఆగినవి యను సంగతి తెలిసికొనుటకు ఆ గదుల గోడలకు మించిన సాక్షి దొరకుట కష్టము. బడి ఇల్లయిననాడు గృహస్థుడు మొదట చేయించునది సున్నము. అందు ఆయన తప్పేమియు లేదు. తన పడకగదిలో పదమూడవ ఎక్కము ఎవరికి కావలెను? కాని ఆ సున్నము పడుటకు ముందు ఒక్క దినము కావలెను. ఒక దినములో గోడలన్నిటి ఛాయాచిత్రములు తీయవచ్చును, వ్రాతను ప్రతి వ్రాసికొనవచ్చును.

పాశ్చాత్యదేశములలో ఈ సమస్య ముందే వచ్చినది. ఇంగ్లండు గ్రామములలో విక్టోరియా రాణి కాలపు బళ్ళు పెక్కు మూతపడి నివాసములైనవి. గంటగూడు, ఎత్తైన కిటికీలు, 'బాలురు', 'బాలికలు' అని రాతిలో చెక్కిన ద్వారశీర్షములు చెడకుండ లోపల కాపురము సాగించుచున్నవారు కలరు. తెలుగు పండితుల కంతకంటె పనికివచ్చు ఉదాహరణము వేల్సు దేశపుది. కార్డిఫ్ సమీపమున సెయింట్ ఫేగన్స్ బహిరంగ ప్రదర్శనశాలలో 1880 నాటి మేస్టిర్ బడిని మూలస్థానమునుండి ఇటుకయిటుకగా తెచ్చి మరల నిలిపిరి. చిన్న బడి, శిల్పము స్వల్పము. ఐనను పందొమ్మిదవ శతాబ్దమున వేల్సు బళ్ళలో తల్లిభాష పలికిన పిల్లవాని మెడలో కొయ్యబిళ్ళ వ్రేలాడగట్టి దండించిన కథ అట్టి గదిలో నిలుచుండి వినినప్పుడే పూర్తిగా మనస్సున కెక్కును. ఒక జాతి తన భాష పొందిన అవమానమును నిలుపుకొనుటకు బడినే ఎన్నుకొనినది. కాని ఆ మార్గము మిక్కిలి ఖర్చుతో గూడినది. ప్రతి బడిని ప్రదర్శనశాలకు తరలించుట ఏ దేశమునకును శక్యము కాదు. ఇంగ్లండు గ్రామపు తోవయే, అనగా కాపురమును గుర్తులను కలిపి నిలుపుటయే, భారతీయ పరిస్థితులకు తగినది.

తెలుగునాట వ్యక్తుల యిండ్లపై భక్తి కలదు. రాజమహేంద్రవరమున వీరేశలింగము ఇల్లు, విజయనగరమున గురజాడ ఇల్లు స్మారకములైనవి, అది యుచితమే. వీరేశలింగము 1874లో ధవళేశ్వరమున నెలకొల్పిన బాలికాపాఠశాల గది ఎట్టిదో, ఎచ్చటిదో అడిగి తెలిసికొను ఆసక్తి మాత్రము అంతగా కానరాదు. సంస్కర్త ఇల్లు పుణ్యక్షేత్రము. సంస్కారము జరిగిన గది వట్టి గది. కడపలో ఈ అలసత్వపు ఫలము స్పష్టముగా చూడవచ్చును. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కడపకు వచ్చి, మరుసటి యేడు అచ్చట తెలుగు, హిందూస్తానీ నేర్పు ఉచితపాఠశాలలు పెట్టెను. 1826లో మరల వచ్చినప్పుడు ఒక బంగళా కొని, జూలూరి అప్పయ్య, అయోధ్యాపురము కృష్ణారెడ్డి ప్రభృతులను చేర్చి గ్రంథపరిష్కరణము సాగించెను. అది పేరునకు దొరగారి ఇల్లు. పనికి పండితుల బడి. బ్రౌను పోయిన వెనుక అది చేతులు మారి, చివరకు ఎర్రముక్కపల్లెలో మొండిగోడలుగా మిగిలినది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి మున్నగువారి పట్టుదలచే ఆ స్థలమున గ్రంథాలయము లేచి, తరువాత యోగి వేమన విశ్వవిద్యాలయపు భాషాపరిశోధన కేంద్రమైనది. ఇది సంతోషింపదగిన ముగింపు. ఐతే స్థలము దక్కినది, ఇల్లు దక్కలేదు. పండితులు ఏ గదిలో కూర్చుండిరి, తాళపత్రములు ఎచ్చట పేర్చిరి, శుద్ధప్రతి వ్రాయువారికి వెలుతురు ఏ వైపునుండి వచ్చెను అను ప్రశ్నలకు ఇప్పుడు గోడ బదులు చెప్పదు. ఎవరైన ఒకరు ఆ ఇంట కాపురముండి కప్పు నేయించుకొనుచు వచ్చినచో ఈ గతి పట్టియుండెడిది కాదేమో.

దీనినిబట్టి తేలునది యేమనగా, మూతపడిన బడికి కాపురము శత్రువు కాదు. తలుపులు, కిటికీలు, ఇనుపకమ్ములు ఒక్కొక్కటే మాయమగుట ఖాళీగా పడియున్న కట్టడపు లక్షణము. మనుష్యులున్న ఇంటి కప్పు కురియదు. వారసత్వవాదులలో కొందరు 'బడిని ఇల్లు చేయుట అపచార'మని తలతురు. వారి మాట నెగ్గినచో బడి శిథిలమగును. వేరొక పక్షమువారు జాబితాలో చేర్చి రక్షింపవలె నందురు. ఈ మార్గమందును చిక్కు కలదు. 2010 సవరణ తరువాత కేంద్రరక్షిత కట్టడములకు నూరు మీటర్ల లోపల నిర్మాణము నిషిద్ధము, ఆపై రెండువందల మీటర్లు నియంత్రితము. అట్టి భయము చెవిని పడినచో ఏ గృహస్థుడైనను పండితుని గుమ్మము తొక్కనీయడు. తనిఖీకి ముందే గోడ పగులగొట్టును. చిన్న ఊరి బడికి, అందును ఇల్లయిన బడికి, రక్షణకంటె ముందు నమోదు కావలెను. ఇంటివారి హక్కునకు ఏ భంగమును కలిగింపని నమోదు. కొలతలతో ఒక పటము, గోడవ్రాతల ప్రతి, పట్టికల ఛాయలు, ఆ బడిలో చదివినవారి నోటిమాట. ఇంతవరకు విశ్వవిద్యాలయ శాఖలే చేయగలవు. ప్రభుత్వపు టాజ్ఞ అక్కరలేదు.

ఈ పనికి మాదిరి తెలుగు శాఖలకు కొత్తగా వెదకుకొన నక్కరలేదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వ్యవసాయపదములతో మొదలైన మాండలిక వృత్తిపదకోశముల పద్ధతి చేతిలో నున్నది. రైతునొద్దకు, సాలెవానియొద్దకు వెళ్ళి వాని పనిముట్టు పేరు అడిగినట్లే, బడిపనిముట్ల పేర్లు అడుగవలెను. పలక, బలపము, గంటము, కోదండము, గోడకుర్చీ, గుంజీలు అను మాటలు భిలాయి తెలుగువారి నోట నిలిచినవా, వాని స్థానమున హిందీ మాటలు కూర్చున్నవా? క్వార్టరు, సెక్టారు, స్ట్రీటు అను మాటలతో పెరిగిన వానికి అరుగను మాట తెలియునా, తెలిసినచో దేనికి వాడును? వరండాను అరుగనుచున్నచో అదియే ఒక పరిశోధనాంశము. బ్రిటిష్ మానవశాస్త్రజ్ఞుడు జొనాథన్ పారీ 1993 మొదలు భిలాయిలో ఏండ్లతరబడి నిలిచి పరిశోధించి, అచ్చటి కార్మికుల బ్రతుకును గూర్చి 2020లో బృహద్గ్రంథము వెలువరించెను. కార్మికుని వర్గము, కూలి, కాపురము ఇంత శ్రద్ధతో పరిశీలింపబడినచోట, వాని బిడ్డల చదువుభాషను తెలుగు శాఖలు చేపట్టకుండుట సమర్థింపదగినది కాదు. దూరము ఒక కారణముగా చెప్పరాదు. విశాఖనుండి రాయపూరునకు నేరుగా రైలు కలదు.

ఆక్షేపణ ఒకటి మిగిలినది. ఇట్లు ప్రతి మూతబడ్డ బడిని నమోదు చేయుచు పోయినచో అంతెక్కడ, అందరి విలువయు సమానమా అని యడుగవచ్చును. సమానము కాదు. ఒక భాషవారు మాత్రమే యున్న ఊరి బడికంటె పలుభాషలు కలిసిన ఊరి బడి ముందు చూడదగినది. ఒకప్పుడు తెలుగు చెప్పి తరువాత మానిన బడి అన్నిటికంటె ముందు. ప్రారంభమునుండి పట్టికలు తెగక యున్న బడి, పట్టికలు పోయిన అందమైన బడికంటె విలువైనది. ఈ క్రమము వాస్తుశాస్త్రజ్ఞునికి నచ్చకపోవచ్చును. ఆయన జాబితా ఆయన చేసికొనును.

కాలపు సంగతి యొకటి కలదు. కొలిమి వెలిగిన మరుసటి యేడు, 1960లో, ఆరేండ్ల వయస్సున మొదటి తరగతిలో చేరిన పిల్లవాడు ఇప్పుడు డెబ్బదియేండ్లు దాటినవాడు. వానికి ఏ గది ఏ తరగతియో, నల్లబల్ల ఏ గోడనుండెనో, పంతులుగారు ఇంటిపేరు ఎట్లు పలికిరో జ్ఞాపకముండును. ఆ తరగతి గది నేడు ఎవరి వంటయిల్లో, ఎవరి దుకాణమో, గడ్డి మొలిచిన ఖాళీయో చూపగలవాడు వాడే. వానితో కలిసి ఒక సాయంకాలము ఆ వీధిలో నడచి, ఇంటివారి అనుమతితో లోపలకు తొంగిచూచి, వాడు చెప్పినది వాడి మాటలోనే వ్రాసికొనుటకు వేసవి సెలవులలో ఇద్దరు పరిశోధక విద్యార్థులు చాలుదురు. పట్టికలు బడిలో లేనిచో జిల్లా విద్యాధికారి కార్యాలయమునను, సంస్థ విద్యావిభాగమునను ముందుగా అడుగవలెను. అచ్చటనైనను వరుస తెగకుండ దొరకునది ఏ బడిదో, ఆ బడితో పని మొదలు పెట్టవచ్చును.